దోమ జ్వరమా, కరోనా జ్వరమా?

– ఇంటర్ రెండవ సంవత్సరం బై.పి.సి. విద్యార్థిని



మన ఏజెన్సీలో జ్వరం అనగానే అందరి నోటా ముందు వచ్చే మాట దోమ. జూన్‌లో బడి తెరిచేసరికి వానలు, వానలతో పాటు దోమలు, దోమలతో పాటు సిక్ రూమ్ నిండిపోవడం – ఇది మనకి కొత్త కాదు. ఏఎన్ఎం అక్క వచ్చి వేలు పొడిచి చుక్క రక్తం తీస్తే, మనం పక్కనే నిలబడి కార్డు మీద ఎన్ని గీతలు పడ్డాయో తొంగి చూస్తాం. రెండో గీత కనబడిందంటే "ఆఁ, పాజిటివ్" అని మనమే తీర్పు చెప్పేస్తాం. డాక్టరు గారి చెవిన పడేలోపే హాస్టల్ అంతా తెలిసిపోతుంది.

ఈ వ్యాసం ఆ గీత గురించే. దోమ జ్వరాలు ఎక్కువగా ఉండే చోట కరోనా వస్తే దాన్ని ఎలా కనిపెడతారు, కార్డు మీద గీతని ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే విషయం. "కరోనా ఎప్పుడో పోయింది గదా, ఇప్పుడెందుకు?" అని మీలో కొందరు అడుగుతారు. పోలేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది, అంతే. వైరస్ మాత్రం జనంలో తిరుగుతూనే ఉంది. మనలాంటి వయసు వాళ్ళకి చాలాసార్లు జలుబులా వచ్చి పోతుంది. కానీ సెలవులకి ఇంటికి వెళ్తే అక్కడ ముసలివాళ్ళు ఉంటారు. అసలు సంగతి అక్కడే ఉంది.

ముందు ఒక చిన్న సవరణ. మలేరియా కూడా దోమ వల్లే వస్తుంది గానీ అది వైరస్ కాదు, ప్లాస్మోడియం అనే పరాన్నజీవి. మన పాఠంలో చదివాం. డెంగీ, చికున్‌గున్యా రెండూ వైరస్‌లు. వాటిని మోసేది ఏడిస్ దోమ. కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి, పగలే కుడుతుంది. మలేరియాని మోసే అనాఫిలిస్ రాత్రి కుడుతుంది. రాత్రి దోమతెర కట్టుకుని పడుకున్నాం కాబట్టి డెంగీ రాదు అనుకోకూడదు అన్నది దీన్నిబట్టే తెలుస్తోంది.

ఇక కరోనాకి దోమతో పనే లేదు. గాలిలో, దగ్గులో, తుమ్ములో, దగ్గరగా కూర్చుని మాట్లాడే మాటల్లో వస్తుంది. డెంగీ వైరస్, కరోనా వైరస్ చుట్టాలు కూడా కాదు. రెండిటిలోనూ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ అన్న మాట నిజమేగానీ కుటుంబాలు వేరు. అయినా ఒంట్లోకి వచ్చాక మొదటి మూడు నాలుగు రోజులు రెండూ ఒకే వేషం వేస్తాయి. జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, నీరసం, ఒక్కోసారి విరేచనాలు. రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు, అంటే మన పుస్తకంలో రక్త ఫలకికలు అని ఉంటుందే అవి, రెండిటిలోనూ తగ్గొచ్చు. తెల్ల రక్తకణాలు కూడా తగ్గొచ్చు. "ప్లేట్‌లెట్లు పడిపోయాయి, కాబట్టి డెంగీయే" అనేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. ఆ ఒక్క అంకె చూసి అంత మాట అనడానికి లేదు.

సింగపూర్‌లో ఏం జరిగింది

సింగపూర్ చిన్న దేశం, వానలు ఎక్కువ, డెంగీ కూడా ఎక్కువే. 2020లో అక్కడ 35 వేలకి పైగా డెంగీ కేసులు వచ్చాయి. అదే ఏడాది కరోనా కూడా వచ్చింది. ఆ ఫిబ్రవరిలో 57 ఏళ్ళ ఒకాయన జ్వరం, దగ్గుతో ఆసుపత్రికి వచ్చేరు. విదేశాలకి వెళ్ళిన వాడు కాదు, కరోనా రోగిని కలిసినట్టు కూడా లేదు. ఎక్స్‌రే బాగానే ఉంది. ప్లేట్‌లెట్లు కాస్త తగ్గాయి. డెంగీ కార్డు పెట్టారు, నెగటివ్. ఇంటికి పంపేరు. జ్వరం తగ్గలేదు. ఆయన ఒక క్లినిక్‌కి వెళ్తే మళ్ళీ డెంగీ కార్డు పెట్టారు. ఈసారి పాజిటివ్. సరే, డెంగీయే అని ఆసుపత్రికి పంపేరు. అక్కడ దగ్గు ఎక్కువై ఆయాసం వచ్చాక గానీ ఎవరికీ అనుమానం రాలేదు. ముక్కులోంచి నమూనా తీసి చూస్తే కరోనా.

అయితే రెండూ ఉన్నాయేమో అనొచ్చు. డాక్టర్లకి కూడా ఆ అనుమానం వచ్చింది. కార్డు మీద పాజిటివ్ చూపించిన అదే రక్తాన్ని బయటికి తీసి, అందులో డెంగీ, చికున్‌గున్యా, జికా వైరస్‌ల జన్యుపదార్థం ఉందేమో ఆర్‌టీ-పీసీఆర్‌తో వెతికేరు. ఏదీ లేదు. డెంగీ కార్డు మళ్ళీ పెడితే నెగటివ్ వచ్చింది. అంటే ఆ గీత ఉత్తదే. అదే నెలలో ఇంకొకామెకి కూడా ఇలాగే జరిగింది. డెంగీ అని చెప్పిన కార్డు, తీరా చూస్తే కరోనా. ఈ రెండు కేసుల్నీ అక్కడి డాక్టర్లు 2020 మార్చిలో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ అనే వైద్య పత్రికకి రాసేరు. దోమ జ్వరాలుండే దేశాలన్నీ జాగ్రత్తపడాలని హెచ్చరిక.

థాయ్‌లాండ్‌లో కూడా ఒక రోగికి ఒంటి మీద ఎర్ర చుక్కలు వచ్చి, ప్లేట్‌లెట్లు తగ్గితే ముందు డెంగీ అనే అనుకున్నారు. తర్వాత తేలింది కరోనా అని. ఒంటి మీద చుక్కలు కరోనాలోనూ రావొచ్చు అన్నది అప్పటికి చాలామందికి తెలియదు.

కార్డు ఎందుకు అబద్ధం చెప్తుంది?

కార్డు అబద్ధం చెప్పదు నిజానికి. మనం అడిగిన ప్రశ్నకి కాక ఇంకో ప్రశ్నకి జవాబు చెప్తుంది. డెంగీ కార్డులో సాధారణంగా మూడు విషయాలు చూస్తారు. ఒకటి ఎన్ఎస్1. ఇది వైరస్ తాలూకు ప్రొటీన్. జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచి సుమారు అయిదో రోజు దాకా రక్తంలో బాగా దొరుకుతుంది. రెండోది ఐజీఎం, మూడోది ఐజీజీ. ఈ రెండూ వైరస్ కాదు, వైరస్ మీద పోరాడటానికి మన ఒళ్ళు తయారుచేసే ప్రతిదేహాలు.

దొంగని పట్టుకోవడం వేరు, దొంగ వచ్చాడని ఊళ్ళో జనం కర్రలు పట్టుకుని తిరగడం చూడటం వేరు. ఎన్ఎస్1 దొంగని చూడటం లాంటిది. ఐజీఎం, ఐజీజీ కర్రలు పట్టుకున్న జనాన్ని చూడటం. జనం పోయిన నెల దొంగ కోసం ఇంకా తిరుగుతూ ఉండొచ్చు. పక్క ఊరి దొంగని చూసి కూడా బయల్దేరి ఉండొచ్చు.

పోయిన నెల దొంగ అంటే ఇది. డెంగీ ఐజీఎం నాలుగైదు రోజులకి మొదలై రెండు మూడు నెలల దాకా రక్తంలో ఉండిపోతుంది. ఐజీజీ అయితే ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆగస్టులో డెంగీ వచ్చి తగ్గిన పిల్లకి అక్టోబరులో కరోనా జ్వరం వచ్చిందనుకోండి. కార్డు పెడితే ఆగస్టు గీత అక్టోబరులో పడుతుంది. డెంగీ ఎప్పుడూ లేని చోట ఈ చిక్కు రాదు. మనలాంటి చోటే వస్తుంది. వ్యాధి ఎక్కువ ఉన్న చోటే దాని పరీక్షని చదవడం కష్టం అన్నది నాకు ఈ విషయంలో అన్నిటికన్నా వింతగా తోచింది.

పక్క ఊరి దొంగ సంగతి ఇంకా వింత. ఇజ్రాయెల్‌లో 2020లో కరోనా వచ్చిన 55 మంది రక్తాన్ని డెంగీ కార్డు మీద వేసి చూసేరు. 12 మందికి డెంగీ పాజిటివ్ చూపించింది. అంటే అయిదుగురిలో ఒకరు. అదే రక్తాల్ని ప్రయోగశాలలో ఎలైజా అనే పరీక్షతో చూస్తే ఇద్దరికే వచ్చింది. తిరగేసి కూడా చూసేరు. 2019 సెప్టెంబరుకి ముందు, అంటే లోకంలో కరోనా పేరే లేనప్పుడు, డెంగీ వచ్చిన 95 మంది రక్తం దాచి ఉంది. దాన్ని కరోనా ప్రతిదేహాల పరీక్షకి పెడితే 21 మందికి పాజిటివ్ అనో, అటూ ఇటూ కాకుండానో వచ్చింది! మన దేశంలో కలకత్తా శాస్త్రజ్ఞులు కూడా 2017 నాటి డెంగీ రక్తం 13 నమూనాలు తీసి కరోనా ప్రతిదేహాల కార్డు మీద వేస్తే 5 పాజిటివ్ వచ్చాయి. 2017లో కరోనా ఎక్కడిది? జబ్బు మొదట్లో ఒళ్ళు కంగారుగా తయారుచేసే ప్రతిదేహాలు సరిగ్గా చెక్కని తాళంచెవుల్లాంటివి, తమవి కాని తాళాల్లో కూడా కొంచెం తిరుగుతాయి అని ఒక వివరణ. రెండు వైరస్‌ల పై ప్రొటీన్లలో కొన్ని ముక్కలకి పోలిక ఉందని మరో వివరణ.

అందుకే మన దేశంలో ప్రభుత్వ లెక్కల్లో కార్డు టెస్టు పాజిటివ్ ఒక్కటే ఉంటే డెంగీ నిర్ధారణ అయినట్టు రాయరు. అయిదు రోజుల లోపయితే ఎన్ఎస్1 ఎలైజా, తర్వాతయితే ఐజీఎం ఎలైజా చేయాలి. అవి మన పీహెచ్‌సీలో కావు, పెద్ద ఆసుపత్రికి రక్తం పంపాలి. నాలుగు రోజులు పట్టినా సరే పంపించడం మంచిదని నా అభిప్రాయం. ఈలోగా ఏం చేయాలో కింద రాస్తున్నాను.

ఒక లెక్క

లెక్కలు అంటే పారిపోకండి, ఇది ఆరో తరగతి శాతాల లెక్కే. అంకెలు నేను ఉదాహరణకి అనుకున్నవి. ఒక కార్డు ఉంది. నిజంగా డెంగీ ఉన్న 100 మందిలో 90 మందిని పట్టుకుంటుంది. లేని 100 మందిలో 5గురికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. మంచి కార్డే గదా?

ఎండాకాలంలో 1000 మంది జ్వరంతో వచ్చారు. డెంగీ నిజంగా ఉన్నది 20 మందికే. కార్డు వారిలో 18 మందిని పట్టుకుంది. మిగతా 980 మందిలో 100కి 5 చొప్పున 49 మందికి ఉత్త పాజిటివ్. మొత్తం పాజిటివ్‌లు 67. అందులో నిజం 18. అంటే గీత పడిన నలుగురిలో ఒకరికే డెంగీ!

అదే సెప్టెంబరులో 1000 మంది వస్తే 300 మందికి డెంగీ ఉందనుకుందాం. కార్డు 270 మందిని పట్టుకుంటుంది. మిగతా 700 మందిలో 35 మందికి ఉత్త పాజిటివ్. 305లో 270 నిజం. పదిలో తొమ్మిది దాదాపు. కార్డు మారలేదు, కంపెనీ మారలేదు, పెట్టిన అక్క మారలేదు. కాలం మారింది, గీత విలువ మారింది.

ఇంకో మెలిక ఉంది. 100కి 5 అన్నామే, ఆ పొరపాటు అందరి మీదా సమానంగా పడదు. ఇజ్రాయెల్ లెక్క ప్రకారం కరోనా ఉన్న వాళ్ళ మీద అయిదింట ఒకటిగా పడింది. ఏ జ్వరం నుంచి డెంగీని విడదీయాలని కార్డు తెచ్చామో, సరిగ్గా ఆ జ్వరం దగ్గరే కార్డు ఎక్కువ తడబడింది. అన్ని కంపెనీల కార్డులూ ఒకలా ఉండవు గానీ జాగ్రత్త మాత్రం అన్నిటికీ ఒకటే.

కరోనా వైపు కార్డు, అదే ముక్కులో పుల్ల పెట్టి చేసే యాంటీజెన్ టెస్టు, దీనికి తలకిందులు. అది పాజిటివ్ చూపిస్తే చాలావరకు నమ్మొచ్చు, ఎందుకంటే అది దొంగని నేరుగా చూస్తుంది. నెగటివ్ చూపిస్తే నమ్మడానికి లేదు, వైరస్ తక్కువగా ఉంటే దొరకదు. అందుకే లక్షణాలుండి యాంటీజెన్ నెగటివ్ వస్తే ఆర్‌టీ-పీసీఆర్ చేయాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లోనే చెప్పింది. ఆర్‌టీ-పీసీఆర్‌కి పెద్ద ల్యాబు కావాలి. ట్రూనాట్ అని గోవాలో తయారయ్యే చిన్న యంత్రం ఒకటుంది. క్షయకోసం తెచ్చినది, 2020లో కరోనాకి కూడా వాడేరు. బ్యాటరీతో నడుస్తుంది, కరెంటు పోయినా పని ఆగదు. మన కొండ ప్రాంతాలకి సరిపోయేది అదే.

మా ఇంట్లో

2021 జూలైలో మా బాబాయికి జ్వరం వచ్చింది. వానాకాలం. సంతకి వెళ్ళిన రోజు పట్నంలో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం ఇస్తే డెంగీ పాజిటివ్ అని చీటీ ఇచ్చేరు. అప్పటికి దగ్గు ఉంది. దగ్గు గురించి ఎవరూ అడగలేదు. డెంగీ అంటువ్యాధి కాదు గదా అని ఇంట్లో అందరం ధైర్యంగా ఉన్నాం. దోమతెర కట్టాం, మా నాయనమ్మ పక్కనే కూర్చుని గంజి తాగించేది, రాత్రి ఆ గదిలోనే పడుకునేది. తొమ్మిదో రోజుకి బాబాయికి ఆయాసం. ఆసుపత్రికి తీసుకెళ్తే కరోనా అన్నారు. ఆయన ఆక్సిజన్ మీద ఉండి బతికేడు. నాయనమ్మకి అప్పటికే జ్వరం పట్టుకుంది. ఆమె తిరిగి రాలేదు.

ఆ చీటీ ఇంకా మా ఇంట్లో ఉంది. దాని మీద "ఐజీఎం" ఎదురుగా సన్నగా రాసి ఉంది, ఎన్ఎస్1 ఎదురుగా నెగటివ్ అని ఉంది. ఆ రెండు మాటలకి అర్థం నాకు ఇంటర్‌లో చేరాకే తెలిసింది. రక్తం తీసింది జ్వరం వచ్చిన మూడో రోజు. అప్పటికి డెంగీ అయితే ఎన్ఎస్1 దొరకాలి, ఐజీఎం ఇంకా పూర్తిగా తయారు కాదు. వరస తప్పింది. చీటీ ఇచ్చిన వాళ్ళు రోజు అడిగి ఉంటే ఆ మాట వాళ్ళకే తట్టేది.

ఏ జబ్బో తేల్చడం అంత అవసరమా?

"ఏదయితేనేం, రెండిటికీ మందు లేదు గదా, పారాసిటమాల్ వేసి పడుకోబెడితే చాలదా" అని మా క్లాసులోనే ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మామూలుగా తగ్గిపోయే వాళ్ళకి చాలుతుంది. ముదిరే వాళ్ళకి చాలదు, వాళ్ళకి రెండు జబ్బుల దారులు ఎదురెదురుగా పోతాయి.

డెంగీ ముదిరితే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, రక్తస్రావం కావొచ్చు. అందుకే ఆస్ప్రిన్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు డెంగీ అనుమానం ఉన్నంతవరకు ముట్టకూడదు. సెలైన్ లెక్క చూసి ఎక్కించాలి. కరోనా ముదిరితే దెబ్బ ఊపిరితిత్తుల మీద. రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది, అందుకని ఆసుపత్రిలో రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇస్తారు. ఆ ఇంజెక్షన్ డెంగీ రోగికి ఇస్తే ఏమవుతుందో ఊహించండి. ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణం నిలబెడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో తేలింది. డెంగీలో దాని వల్ల మేలు ఉన్నట్టు రుజువు లేదు. సెలైన్ కూడా అంతే, డెంగీకి కావలసినంత నీరు కరోనా ఊపిరితిత్తులకి బరువవుతుంది.

ప్రమాదం వచ్చే రోజు కూడా వేరు. డెంగీలో జ్వరం తగ్గే రోజున, సుమారు మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, అసలు ప్రమాదం మొదలవుతుంది. జ్వరం తగ్గింది గదా అని పిల్లని క్లాసుకి పంపేస్తాం. అప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, కాళ్ళూ చేతులూ చల్లబడటం, ఊరికే కంగారుపడటం వస్తే క్షణం ఆగకూడదు. కరోనాలో వారం దాటాక, ఎక్కువగా ఏడు నుంచి పది రోజుల మధ్య, ఊపిరి కష్టమవుతుంది. వేలికి పెట్టే ఆక్సిమీటరులో 94 కన్నా తగ్గితే ఆసుపత్రికే. పిల్ల బాగానే మాట్లాడుతోంది అని వదిలేయడానికి లేదు, కరోనాలో ఆక్సిజన్ పడిపోయినా కొందరికి ఆయాసం తెలియదు.

ఇంకా రెండూ కలిసి రావడం కూడా ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 అక్టోబరులో ఇచ్చిన సూచనల్లో ఇదే ఉంది. డెంగీ, మలేరియా తేలినంత మాత్రాన కరోనా లేదని అనుకోవద్దు, కరోనా తేలిందని వానాకాలంలో డెంగీ, మలేరియా సంగతి మరిచిపోవద్దు అని. మలేరియాకి ఇది మరీ వర్తిస్తుంది. మనలో కొందరి రక్తంలో మలేరియా పరాన్నజీవి జ్వరం లేకుండానే కొద్దిగా ఉంటుంది. కార్డు దాన్ని పట్టుకుంటుంది. మందు వేయాల్సిందే, అనుమానం లేదు. కానీ ఈ రోజు జ్వరం దానిదేనా అన్నది వేరే ప్రశ్న.

పరికరం లేకుండా తెలిసేవి

ముక్కు కారడం, గొంతునొప్పి, దగ్గు ఎక్కువగా ఉంటే కరోనా వైపు, లేదా మామూలు ఫ్లూ వైపు. వాసన తెలియకపోవడం మొదటి ఏళ్ళలో మంచి గుర్తే గానీ ఒమిక్రాన్ రకాలు వచ్చాక అది తగ్గిపోయింది. కంటి వెనక నొప్పి, ఒళ్ళు విరిచేసే నొప్పులు, దద్దుర్లు ఉంటే డెంగీ వైపు. కీళ్ళు పట్టేసి వంగిపోయి నడుస్తుంటే చికున్‌గున్యా. ఆ పేరుకే వంగిపోవడం అని అర్థం, ఆఫ్రికాలో మకొండె వాళ్ళ భాష. ఇవన్నీ అటు ఇటు మొగ్గు చూపిస్తాయి గానీ తేల్చవు.

బీపీ పట్టీతో చేసే పరీక్ష ఒకటుంది. పట్టీని చేతికి కట్టి, పై అంకెకీ కింది అంకెకీ మధ్య దాకా గాలి కొట్టి అయిదు నిమిషాలు ఉంచుతారు. విప్పేక మోచేతి లోపల అంగుళం చదరంలో పది లేక అంతకు మించి ఎర్ర చుక్కలు వస్తే డెంగీ అనుమానం బలపడుతుంది. చుక్కలు రాకపోతే డెంగీ లేదని మాత్రం కాదు. ఏఎన్ఎం అక్క నా చేతికే పట్టీ కట్టి చూపించింది. అయిదు నిమిషాలు చేయి తిమ్మిరెక్కింది, చుక్కలు మాత్రం రాలేదు, నాకు జ్వరం లేదుగదా!

మన హాస్టల్‌కి ఉన్న ఇంకో వీలు డాక్టర్లకి లేదు. ఎవరి మంచం పక్కన ఎవరు పడుకుంటారో మనకి తెలుసు. కరోనా ఒకరి నుంచి ఒకరికి రెండు మూడు నాలుగు రోజుల్లో పాకుతుంది, పక్క మంచం, ఒకే బెంచీ, ఒకే భోజనం వరస చూసి పాకుతుంది. డెంగీ అలా పాకలేదు. రోగిని కుట్టిన దోమ ఒంట్లో వైరస్ పెరగడానికే ఎనిమిది నుంచి పన్నెండు రోజులు కావాలి, ఆ దోమ ఇంకొకరిని కుట్టాక జ్వరం రావడానికి మరో నాలుగు నుంచి పది రోజులు. అంటే ఒకరి తర్వాత ఒకరికి కనీసం పన్నెండు రోజులు. కాబట్టి ఒక పిల్లకి డెంగీ అన్న మూడో రోజున పక్క మంచాల్లో నలుగురికి జ్వరం, దగ్గు వస్తే ఆ నలుగురికీ ఈ పిల్ల నుంచి వచ్చింది డెంగీ కాదు. ఒకే దోమ ఒకే రోజు అయిదుగురినీ కుట్టి ఉండొచ్చు, ఏడిస్‌కి ఆ అలవాటుంది, నిజమే. అయినా అప్పుడు ముక్కు పరీక్ష అడగడంలో తప్పు లేదు.

రిపోర్టు వచ్చేలోపు ఏం చేయాలి అంటే, ఏదో ఒకటి అనుకుని కూర్చోకుండా రెండూ ఉన్నట్టే చూసుకోవాలి. పగలు కూడా దోమతెర, దాంతో పాటు మాస్కు. కిటికీలు తీసి ఉంచాలి, వాటికి దోమల జాలీ ఉండాలి. మన సిక్ రూమ్ కిటికీల్లో ఒకదానికి జాలీ చిరిగింది, అందుకని అది మూసే ఉంటోంది. దాన్ని కుట్టిస్తే రెండు జబ్బులకీ ఒకేసారి జవాబు చెప్పినట్టవుతుంది. జ్వరానికి పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వద్దు. నీళ్ళు, గంజి, ఓఆర్ఎస్ బాగా తాగించాలి. రోజుకి మూడుసార్లు ఆక్సిమీటరు. చూడటానికి ఒక్కరే వెళ్ళాలి, గుంపుగా కాదు.

వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపం. మన సిక్ రూమ్ రిజిస్టరులో పేరు, తరగతి, సిక్ రూమ్‌కి వచ్చిన తేదీ, ఇచ్చిన మాత్రలు అని నాలుగు గడులు ఉన్నాయి. జ్వరం మొదలైన తేదీకి గడి లేదు. మనలో చాలామంది రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా దుప్పటి కప్పుకుని పడుకుని, మూడో రోజు గానీ రారు. అప్పుడు కార్డు పెట్టిన రోజు ఒకటో రోజు కాదు, మూడో రోజు. ఎన్ఎస్1 చూడాలో ఐజీఎం చూడాలో ఆ తేదీ మీదే ఆధారపడి ఉంది. అందుకని ఇంకో నాలుగు గడులు గీయించండి. జ్వరం మొదలైన తేదీ, దగ్గు ఉందా లేదా, మంచం నంబరు, గత మూడు నెలల్లో డెంగీ వచ్చిందా. కార్డు మీద ఏ గీత పడిందో కూడా "పాజిటివ్" అని ఊరుకోకుండా ఎన్ఎస్1, ఐజీఎం అని విడిగా రాయించండి. స్కేలు, ఎర్ర పెన్ను నా దగ్గర ఉన్నాయి. ఆదివారం స్టడీ అవర్ తర్వాత రిజిస్టరు ఇస్తే కొత్త పేజీలన్నిటికీ నేనే గీస్తాను.